ఇరవై ఆరు నక్షత్రాలు

సంచి ఇంకా గది మధ్యలోనే ఉంది.

పొద్దున పదకొండింటికి పిల్లల కేంద్రం నుంచి వస్తూనే కాజాలమ్మ దాన్ని అక్కడ పడేసింది. ఇప్పుడు రెండు దాటింది. అత్తగారు మంచినీళ్లకు లేచినా, ఆడపడుచు అద్దం దగ్గరికి వెళ్లినా దాన్ని చుట్టుకునే తిరుగుతున్నారు తప్ప, తీసి పక్కన పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. గుడ్డ సంచి. దాని మీద ఎర్ర దారంతో కుట్టిన పిచ్చుక బొమ్మ. కుట్టింది కాజాలమ్మే. నాలుగేళ్ల కూతురిని ఇంట్లో అందరూ పిలిచే పేరు పిచ్చుక మరి.

"తిన్నాక మాట్లాడుకోవచ్చు కదమ్మా," అంది అత్తగారు. ఆ మాట అనడం అది మూడోసారి.

"నాకు పొద్దున్నే కడుపు నిండింది అత్తయ్యా. అరవై మంది తల్లుల ముందు కూర్చోబెట్టి మరీ వడ్డించారు."

అత్తగారు గిన్నె మీది మూత తీసి, మళ్లీ పెట్టేసింది. ఆడపడుచు గోడకు ఆనుకుని కూర్చుని గోళ్లు చూసుకుంటోంది. చదువుకున్న పిల్ల. ఈ ఇంట్లో కాలేజీ గుమ్మం తొక్కింది ఆమె ఒక్కతే. పిచ్చుక మంచం మీద బోర్లా పడుకుని అమ్మ ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన చెడిపోయిన గుండీలను దారానికి గుచ్చుకుంటోంది. పెద్దవాళ్లు అరుచుకుంటుంటే పిల్లలకు పని ముంచుకొస్తుంది. తల ఎత్తితే తమ మీదికి వస్తుందని వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

"నేను అడిగేది ఒక్కటే," అంది కాజాలమ్మ. "ఆ నక్షత్రాలు ఎవరు అంటించారు?"

ఆడపడుచు ఇంకో వేలి గోరు చూసుకుంది.

పొద్దున కేంద్రంలో టీచరమ్మ ఆమెను పేరు పెట్టి పిలిచింది. ఇంటికి వారానికో పుస్తకం ఇచ్చి, పెద్దవాళ్లు పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని చదివి వినిపించేలా చెయ్యాలన్నది టీచరమ్మ పట్టుదల. బడికి వెళ్లాక అక్షరాలు ఎవరైనా నేర్పుతారు, పుస్తకం మీద ఇష్టం మాత్రం ఇంట్లోనే అంటుకోవాలి అంటుందావిడ. ఇళ్లలో అంట్లు తోమేవాళ్లు, మూటలు మోసేవాళ్లు, రోడ్లు ఊడ్చేవాళ్లు, వాళ్ల పిల్లలే అక్కడ అందరూ. కొందరు పుస్తకాలు తిరిగి ఇవ్వలేదు. కొందరు సంచి కూరగాయలకు వాడుకున్నారు.

"ఈ తల్లిని చూడండి," అంది టీచరమ్మ. "ఇరవై ఆరు వారాలు, ఇరవై ఆరు పుస్తకాలు. ఒక్క వారం తప్పలేదు. చదివి తిరిగి పంపిన ప్రతి పుస్తకంలోనూ చివరి పేజీలో ఒక బంగారు నక్షత్రం అంటించి ఉంది. కథ పూర్తయినప్పుడల్లా బిడ్డను మెచ్చుకుందన్నమాట!"

అందరూ చప్పట్లు కొట్టారు. పిచ్చిది, కాజాలమ్మ కూడా కొట్టింది. రెండు చప్పట్లు కొట్టాక చేతులు ఆగిపోయాయి. ఏ నక్షత్రం?

ఆ తరవాత టీచరమ్మ పిచ్చుకను దగ్గరకు తీసుకుని, ఆ వారం పుస్తకం తెరిచి, "గొడుగు ఎత్తుకుపోయిన కప్ప ఎక్కడ దాక్కుందో చూపించు బంగారం," అంది. ఆ పుస్తకం వారం రోజులుగా ఇంట్లో ఉన్నదే. పిచ్చుక ఆ పేజీని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. కళ్లు పేజీ అంతా వెతికాయి. పక్కన కూర్చున్న మూటల కూలీ కొడుకు ఆగలేక లేచి, "అదిగో, ఆకు కింద!" అని వేలు పెట్టేశాడు. పిచ్చుక మాత్రం రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడిపోయింది. ఎవరో నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు. ఆవిడ కాజాలమ్మ ముఖంలోకి చూసిన చూపు ఉందే, దానికంటే నాలుగు మాటలు అంటే బాగుండేది.

"సంతకాలు నీవే కదా," అంది కాజాలమ్మ ఇప్పుడు, ఆడపడుచుతో. "కార్డు మీద రోజూ 'చదివాం' అని రాసి సంతకం పెట్టింది నువ్వే కదా. రాత్రి నేనొచ్చి 'చదివారా?' అంటే 'ఆ వదినా' అన్నది నువ్వే కదా."

"చదవలేదని నేనన్నానా?"

"ఎవరికి చదివావు?"

ఆడపడుచు గోళ్ల మీంచి కళ్లెత్తింది. దాచుకుని దాచుకుని విసిగిపోయిన మనిషి ముఖం అది.

"నాలుగో అంతస్తు మేడమ్ వాళ్ల పాపకి."

కాజాలమ్మకు ఒక క్షణం అర్థం కాలేదు. నాలుగో అంతస్తు అంటే ఆడపడుచు పనిచేసే ఇల్లు. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా అక్కడ మేడమ్‌గారి నాలుగేళ్ల కూతుర్ని ఆడించడం ఆమె పని.

"వాళ్లింట్లో బొమ్మలున్నాయి, పెద్ద టీవీ ఉంది, చిన్నపిల్లల పుస్తకం ఒక్కటి లేదు," అంది ఆడపడుచు. "చేరిన రోజే మేడమ్ అడిగింది, కథలు చదివి వినిపించడం వచ్చా అని. వచ్చన్నాను. ఏం చదవను? సంచి పట్టుకెళ్లాను. ఆ పాపకి నచ్చింది. మేడమ్‌కి ఇంకా నచ్చింది. పుస్తకం పూర్తయినప్పుడల్లా ఆవిడే నక్షత్రం అంటిస్తుంది."

"ఎవరి పుస్తకాలనుకుంటోంది ఆవిడ?"

"నావి అనుకుంటోంది."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఊరికే అనలేదు పెద్దలు. మూడో తరగతితో బడి మానేసిన మనిషి కాజాలమ్మ. కూడబలుక్కుని చదువుతుంది. ఒక వాక్యం పూర్తయ్యేసరికి మొదటి మాట మరిచిపోతుంది. ఆ గతుకుల చదువు బిడ్డ చెవిన పడకూడదని, గడగడా చదివే ఆడపడుచు చేతిలో సంచి పెట్టింది. పెట్టేటప్పుడు ఆ చెయ్యి పట్టుకుని అడిగింది కూడా, నా బిడ్డకు ఈ ఒక్కటి చేసిపెట్టమ్మా, ఇంకేమీ అడగను అని.

"నా బిడ్డ నోటి దగ్గరిది తీసుకెళ్లి కడుపు నిండినవాళ్లకు పెట్టావు," అంది.  "అడుక్కునేవాళ్లు కూడా అలా చెయ్యరు."

"అలా అనకు," అని అత్తగారు అడ్డం వచ్చింది. "పిల్లకి ఏం తక్కువ చేశాం? సాయంత్రం పూట నా దగ్గరే ఉంటుంది, నా కళ్ల ముందే ఆడుకుంటుంది. నేను చూసుకోవట్లేదా?"

పిచ్చుక సాయంత్రాలు ఎక్కడుంటుందని ఆమెను ఎవరూ అడగలేదు. అయినా కాజాలమ్మ వేరే ఆలోచనలో ఉంది.

"అయితే దానికి కథలన్నీ ఎలా వచ్చు?" అంది. "నేను స్నానం చేయిస్తుంటే చెప్తుంది. 'ఎలుగు అడిగింది, గొడుగేదీ? కప్ప అంది, నాకేం తెలుసు?' అని గొంతు మార్చి మరీ చెప్తుంది. అది వినే కదా నేను ఇన్నాళ్లూ అనుమానపడలేదు."

ఆడపడుచు తల్లివైపు చూసింది. తల్లి గిన్నెవైపు చూసింది.

"వచ్చాక నోటితో చెప్పేదాన్ని," అంది ఆడపడుచు. "పుస్తకం లేకుండా."

అప్పుడే బయట ఖాళీ క్యాన్లు ఒకదానికొకటి తగిలిన చప్పుడైంది. మొగుడు వచ్చాడు. ఇంటింటికీ మంచినీళ్ల క్యాన్లు వేస్తాడు. భుజం మీది తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ లోపలికి వచ్చి, సంచి దగ్గర ఆగి, ముగ్గురు ఆడవాళ్ల ముఖాలూ చూశాడు.

"ఏమైంది?"

కాజాలమ్మ చెప్పింది. చెప్తూ చెప్తూ ఏడ్చింది. అంతదాకా రాని ఏడుపు అతన్ని చూశాక వచ్చింది.

"ఏంటీ? పుస్తకాలు అక్కడికి మోసుకుపోయావా?" అని చెల్లెలి మీద అంతెత్తున లేచాడతను. "సిగ్గుందా నీకు? చదువుకున్నదానివి! మీ వదిన పొద్దస్తమానం నిలబడి చొక్కాలకు కాజాలు వేసి కాళ్లు వాచి వస్తుంటే, నువ్వు దాని కళ్లలో కారం కొడతావా?"

"అన్నయ్యా..." అంది ఆడపడుచు. ఆ ఒక్క మాటే అని అతన్ని అదోలా చూసింది.

"నోరు మూసుకో! ఒక్క మాట మాట్లాడావంటే బాగుండదు!"

ఇంత పెద్ద గొంతు అతనికి ఉందని కాజాలమ్మకు పెళ్లయిన ఏడేళ్లలో తెలియదు. అయినా ఆ అరుపు ఆమెకు చల్లగా తగిలింది. పోనీలే, ఈ ఇంట్లో నా వైపు మనిషి ఒక్కడైనా ఉన్నాడు అనుకుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"సోమవారం నుంచి అది అక్కడికి వెళ్లదు," అంది. "నేనే వెళ్లి ఆ మేడమ్‌కి చెప్తాను, ఆ పుస్తకాలు ఎవరివో."

"అయ్యో, అంత పని చెయ్యకమ్మా!" అత్తగారు లేచి నిలబడింది. "ఆవిడ మాట మీదే కదా ఆ బిల్డింగు మొత్తానికి నీళ్లు వేసే పని వీడికి వచ్చింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. మన ఇంటి గొడవ మన ఇంట్లోనే ఉండనీ."

కాజాలమ్మ మొగుడివైపు చూసింది.

"నిదానంగా ఆలోచిద్దాంలే," అన్నాడతను. గొంతు మామూలు గొంతైపోయింది. "తొందరేముంది?"

ఆ మాటకు ఆడపడుచు నవ్వింది. సంతోషం నవ్వు కాదు. మొదటిసారి లేచి నిలబడింది.

"అందరూ నన్నే అనండి," అంది. "రెండో వారం ఏం జరిగిందో గుర్తుందా వదినా? మొదటి వారమంతా మేడమ్ వాళ్లింటి నుంచి వచ్చాక నేను దీన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని మళ్లీ చదివాను. ఇది పేజీ తిప్పుతానంటే తిప్పనిచ్చాను. రెండో వారం నువ్వు వచ్చేసరికి పేజీ మీద టీ చుక్క పడి ఉంది. అప్పుడు ఏం చేశావు?"

కాజాలమ్మ మంచం మీది పిల్లవైపు చూసింది.

"దాని చేతి మీద కొట్టావు. రెండు దెబ్బలు. 'మనది కాని వస్తువు, మరక పడితే మన బతుకేం కాను? చేతులు వెనక్కి!' అన్నావు. మీ ఫ్యాక్టరీలో చొక్కాలకు వేసే కవరు తెచ్చి పుస్తకాన్ని అందులో పెట్టి, గుండు సూదులు గుచ్చి, బీరువా మీద పెట్టావు. నేను చదివేటప్పుడు కూడా దాన్ని ముట్టుకోనివ్వద్దన్నావు. నాలుగేళ్ల పిల్ల చేతులు కట్టుకుని ఎంతసేపు కూర్చుంటుంది? మూడో వారం నుంచి పుస్తకం కిందికి దించితే చాలు, లేచి పారిపోయేది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు!"

చొక్కాలు మడతపెట్టే గదిలోకి ఎవరు అడుగుపెట్టినా చేతులు వెనక్కి కట్టుకోవాలి. అది ఫ్యాక్టరీ కట్టుబాటు. తెల్ల చొక్కా మీద ఒక్క మరక పడితే, దాన్ని చేసిన మనిషిని సూపర్‌వైజరు రోజంతా గుమ్మం పక్కన నిలబెడతాడు, వచ్చేపోయేవాళ్లందరూ చూసేలా. కాజాలమ్మ రెండుసార్లు నిలబడింది. పుస్తకాలు ఇచ్చిన మొదటిరోజు టీచరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది, చిరిగినా పరవాలేదు, మరక పడినా పరవాలేదు, పిల్లల చేతుల్లో ఉంటే చాలు అని. కాజాలమ్మ ఆ మాట నమ్మలేదు. పరవాలేదని ముందు అనేవాళ్లే తరవాత నిలదీస్తారని ఆమె అనుభవం. పన్నెండేళ్లు కాజాలు వేసిన చేతులకు శుభ్రంగా ఉంచడమే ప్రేమ అని తోచింది. అదే బిడ్డకూ నేర్పింది.

"నేను కొట్టినమాట నిజమే," అంది చివరికి. "కొట్టింది నేను. మోసం చేసింది నువ్వు. నా తప్పు చూపించి నీ తప్పు దాచుకోకు. అప్పుడే చెప్పి ఉంటే ఏం పోయేది? 'వదినా, పిల్ల భయపడుతోంది, నువ్వు చేసింది బాలేదు' అని ఒక్క మాట?"

"చెప్తే వింటావా నువ్వు?"

"వినను. పోట్లాడతాను. రెండు రోజులు మాట్లాడను. మూడో రోజు వింటాను. నీకు తెలియదా నా సంగతి?"

ఆడపడుచుకు తెలుసు.  ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ, ఇద్దరిలో ఎవరూ దగ్గరికి జరగలేదు.

 పక్కింటివాళ్ల కుక్కరు మూడుసార్లు కూసింది. మొగుడు గోడకున్న క్యాలెండరు కేసి శ్రద్ధగా చూస్తున్నాడు, ఎన్నడూ చూడనట్టు.

కాజాలమ్మ వంగి సంచి తీసింది. లోపల ఈ వారం పుస్తకం, అలవాటుగా కేంద్రంలోనే తొడిగేసిన చొక్కా కవరులో భద్రంగా, ఇరవై ఏడోది. పొద్దున అంత జరిగినా టీచరమ్మ పుస్తకం ఇవ్వడం మానలేదు. చేతిలో పెడుతూ, "ఇంకొక్క వారం చూద్దాం," అని మాత్రం అంది. "ఇవి దాతలు పంపే పుస్తకాలమ్మా. నిజంగా పిల్ల వింటున్న ఇళ్లకే ఇవ్వాలి. వచ్చే శనివారం నేనే పిచ్చుకను ఒళ్లో కూర్చోబెట్టుకుని అడుగుతాను. అప్పటికీ ఇలాగే ఉంటే, ఈ సంచి వెనక వరసలో ఎదురుచూస్తున్న తల్లికి ఇవ్వక తప్పదు." ఏడు రోజులు. అందులో సగం రోజు ఇప్పటికే పోట్లాటలో పోయింది.

ఆమె గుండు సూదులు ఒక్కొక్కటే పీకింది. కవరు చింపి, ఉండ చుట్టి, మూలకు విసిరేసింది. కింద చాప వేసుకుని గుమ్మానికి ఎదురుగా కూర్చుంది. పుస్తకం తెరిచింది. అక్షరాలు పెద్దవే. మొదటి మాట పెదాలతో కూడబలుక్కుంది, రెండోది కూడబలుక్కుంది. ఆడపడుచు వింటుంటే చదవడం సిగ్గుగానే ఉంది. ఉండనీ అనుకుంది. ఈ ఇంట్లో సిగ్గుపడాల్సినవాళ్ల వరసలో ఈ రోజు తను మొదటి మనిషి కాదు.

"పిచ్చుకా," అని పిలిచింది. "రా తల్లీ. అమ్మ కథ చదువుతుంది. నువ్వే పేజీ తిప్పాలి. మరక పడినా, చిరిగినా ఏమీ అనను. ఒట్టు."

పిచ్చుక గుండీల దారం కింద పెట్టింది. మంచం దిగింది. పిల్ల ఒళ్లోకి వస్తుందని కాజాలమ్మ కాళ్లు చాపుకుంది. పిల్ల ఆమె కాళ్లు తొక్కకుండా జాగ్రత్తగా దాటింది. గడప కూడా దాటింది. వరండాలో అందరూ చెప్పులు విడిచే చోట, గోడకు వీపు ఆనించి, కాళ్లు ముడుచుకుని చతికిలబడింది.

"ఎక్కడికే? చదువుతానన్నానుగా."

"చదువు మరి."

"అక్కడ కూర్చుంటే ఎలా? లోపలికి రా."

"కథప్పుడు నేను చెప్పుల దగ్గర కూర్చోవాలి కదా," అంది పిచ్చుక, ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

కాజాలమ్మ వేలు మొదటి మాట మీదే ఆగింది.

"ఎవరింట్లో?"

"పైన. ఆ పాప వాళ్లింట్లో. ఆ పాప అత్త ఒళ్లో కూర్చుంటుంది. నేను బయట కూర్చుంటాను. తలుపు కొంచెం తీసి ఉంచుతుంది అత్త. బొమ్మలు కనిపించవు. కథ వినిపిస్తుంది."

ఆడపడుచు గోడవైపు తిరిగిపోయింది. "మేడమ్ ఒప్పుకోలేదు వదినా," అంది గోడతోనే. "ఇంకో పిల్ల ఉంటే వాళ్ల పాపకి ధ్యాస కుదరదంది. అమ్మేమో నడుం నొప్పి, దీని వెనక పరిగెత్తలేనంది. ఎక్కడ వదలను? పాపం, వింటుంది కదాని తలుపు తీసి ఉంచేదాన్ని. నేను గట్టిగా చదివేది దీనికోసమే."

కాజాలమ్మ అత్తగారివైపు చూసింది. "నా కళ్ల ముందే ఆడుకుంటుందన్నారు."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆరు నెలలు. ఎండైనా వానైనా, ఎవరో విప్పిన చెప్పుల పక్కన, తన పేరు బొమ్మగా కుట్టిన సంచిలోని తన పుస్తకంలోని కథను, తలుపు సందులోంచి విన్నది తన బిడ్డ. విని, బట్టీపట్టి, స్నానాల గదిలో అమ్మకు అప్పజెప్పింది. అమ్మ మురిసిపోయింది. కాజాలమ్మకు ఒళ్లంతా మండిపోయింది. ఎవర్ని ఏం చెయ్యాలో తెలియక, ఈ ఇంట్లో తన వైపు ఉన్న ఆ ఒక్క మనిషివైపు తిరిగింది.

"విన్నావా?" అంది మొగుడితో. "నీ కూతుర్ని చెప్పుల దగ్గర కూర్చోబెట్టారు. విన్నావా నువ్వు?"

అతను తల తిప్పలేదు. ఇందాకటి ఆ పెద్ద గొంతు ఎటుపోయిందో.

"నాన్నకి తెలుసు," అంది పిచ్చుక బయటినుంచి. "నాన్న క్యాను మోసుకుని పైకొచ్చినప్పుడల్లా నాకు బిస్కెట్టు ఇస్తాడు. 'అమ్మకి చెప్పకే పిచ్చుకా' అంటాడు." అని, టక్కున రెండు చేతులతో నోరు మూసుకుంది. వేళ్ల సందులోంచి భయంగా నాన్నను చూసింది. "చెప్పేశాను."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు అతను. ఆడపడుచు ఇందాక 'అన్నయ్యా' అని ఎందుకు ఆగిపోయిందో, ఆ చూపు ఏమిటో కాజాలమ్మకు ఇప్పుడు తెలిసింది. చెల్లెల్ని నోరెత్తనివ్వకుండా అతను ఎందుకు అంతలా అరిచాడో కూడా తెలిసింది. ఆమె అతన్ని ఏమీ అడగలేదు. అడిగితే చెప్తాడు, నీళ్ల పని గురించి, మేడమ్ గురించి, బతుకు గురించి చాలా చెప్తాడు. అవన్నీ నిజాలే అయి ఉంటాయి. కన్నబిడ్డ పక్కనుంచి క్యాను మోసుకుని నడిచి వెళ్లిపోయిన మనిషి ముఖం మాత్రం ఆమెకు కొత్తగా కనిపించింది, ఎవరో పరాయివాడు ఇంట్లోకి వచ్చి నిలబడ్డట్టు.

 ఆమె ఒళ్లో పుస్తకం తెరిచే ఉంది.

పిచ్చుక కాసేపు చూసింది. అమ్మ ఎందుకు ఆగిపోయిందో దానికి అర్థం కాలేదు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, గోడకు ఇంకాస్త సర్దుకుని కూర్చుంది.

"మొదలుపెట్టమ్మా," అంది. "నాకు ఇక్కడికి వినిపిస్తుంది."